పట్నం దగ్గర ఆగిపోయిన పుస్తకం

పద్నాలుగు రూపాయలమ్మా కోమలా. మా తాత ఎంతతో మొదలుపెట్టినాడు అని కదా అడిగితివి, పద్నాలుగు రూపాయలు, ఒక పాత సైకిలు. అంతే. ఈ పొద్దు వేలూరులో మీ పుస్తకాల అంగడి చూసి ఒకొకరు ఒకొకటి చెప్తారు, జానకిరామన్‌కు మామగారు పెట్టినాడని, యాడనో లంకెబిందెలు దొరికినాయని. బిందె లేదు, చెంబు లేదు. నేను కండ్లతో చూసినదాన్ని కదా. ఒడుగత్తూరు నుంచి గుడియాత్తానికి కొత్త కోడలుగా వచ్చినాను నేనప్పుడు, మీ తాతోళ్ళ ఇల్లు మాకు ఎదురిల్లు. పెండ్లికాని పిల్లోడు. కైలీ లుంగీల మూట సైకిలుకు కట్టుకొని కే.వి.కుప్పం సంతకు పొయ్యేది, అమ్మేది, వచ్చేది, అట్ల మిగిలించుకొన్న దుడ్డు అది. దాని ముందు యేడే కదా ఆంధ్ర వేరే అయింది, చిత్తూరు ఆ పక్కకు పోయింది, మనం ఈ పక్కనే ఉండిపోతిమి. వేలూరులో ఒక తెలుగయ్యవారు ఉండె, ఆయప్ప చిత్తూరు బడికి మారిపోతా, రెండు ట్రంకు పెట్టెల పుస్తకాలు పొట్లాలు కట్టుకొనే శెట్టికి తూకానికి బేరం పెట్టినాడు. 'ఇంగ ఈడ నా దగ్గర తెలుగు చెప్పించుకొనే పిలకాయలు ఎవురుండారప్పా' అన్నాడంట. ఆ వీధిలోనే కైలీలు అమ్ముకుంటా ఉండిన మీ తాత, శెట్టి తక్కెడ ఎత్తేలోపల జేబులో ఉండేదంతా అయ్యవారి చేతిలో పెట్టేసినాడు. ఎందుకు కొన్నావురా అంటే, 'వదినా, ఊళ్ళో తెలుగు మాట్లాడే ఇండ్లు ఎన్ని, తెలుగు పుస్తకం దొరికే అంగడి ఎన్ని? ఒకటీ లేదు కదా. అయితే ఆ ఒకటి నేనే' అన్నాడు. లెక్కంటే అంత పిచ్చి. వీధిలో ఒకసారి నడిస్తే చాలు, ఎన్ని తలుపులు, ఎన్ని మగ్గాలు, నాలిక మీదనే ఉంటుంది.

మీ తాత నాయన చౌడప్ప, ఆయన్ని నువ్వు చూడలేదులే, మంచి నేతగాడు, మాటలో మాత్రం గంజి జాస్తి. పెట్టెలు దించేది చూసి తిన్నె మీద నుంచి లేవను కూడా లేదు. 'ఏరా, గుడ్డ అమ్మి కాగితం కొనుక్కొచ్చినావా. తింటే అరగదు, కట్టుకుంటే నిలవదు.' ఆ ఇంట్లో మూడు మగ్గాలు, నేసే మనుషులు ఇద్దరే. పెద్దకొడుకు బెంగళూరు మిల్లుకు పోయినప్పటి నుంచి మూడోది బూజు పట్టి ఉండె. దాంట్లో చిన్నోడు కూర్చోవాలని ఆయన పట్టు. గుంత మగ్గం అంటే తెలుసు కదా, నేలలో తవ్విన గుంతలో కాళ్ళు దించుకొని కూర్చునేది. ఒకసారి దిగినోడు ఇంగ ఎక్కేది లేదు తల్లీ, మా ఇంటాయన పెండ్లికి ముందు దిగినోడు, కాళ్ళు వాచి పడిపోయిందాకా దాంట్లోనే. జానకిరామన్ ఒక చోట నిలిచే మనిషా? ఆ గుంత చూస్తేనే వాని మొహం మాడిపొయ్యేది. కడాకు ఒక రోజు చౌడప్ప మా అందరి ముందర తేల్చేసినాడు. 'సరస్వతి పూజ దాకా నీ ఆట ఆడుకో. నీ దగ్గర పుస్తకం అద్దెకు తీసుకొనిపోయినోడు, ఒకడన్నా, అది ముగించి ఇంకొకటి ఇయ్యి అని వస్తే నేను నోరెత్తను. రాలేదా, విజయదశమి నాడు పెట్టెలు శెట్టి అంగడికి, నువ్వు గుంతలోకి.' మీ తాత నవ్వినాడు. ఒకడా నాయనా, నూరు మంది వస్తారు చూస్తా ఉండు అన్నాడు.

మన వీధిలో ఎవురికి వస్తుంది చదవను? ఇంట్లో మాట్లాడేది తెలుగు, బడిలో నేర్చింది అరవం. నాకిప్పటికీ తెలుగు అచ్చరాలంటే జిలేబీలు పరిచినట్టే. మీ తాతకు వాళ్ళ అమ్మమ్మ చిత్తూరులో నేర్పించింది గనక వచ్చు. కాబట్టి మొదట బజారుకు పోయినాడు, ఆడ అంగళ్ళోళ్ళు కొందరు చదువుతారు. వాళ్ళల్లో పెద్ద తల గుణశేఖరం. జవుళి అంగడి, తెలుగు సంఘానికి కార్యదర్శి కూడా. మైకు దొరికితే చాలు, 'రాష్ట్రం పోతే పోనీండి, తెలుగు మన నాలుక మీద తేనె, మన నెత్తురులో పాలు' అనేది. నెత్తురులో పాలు కలిస్తే ఏమవుతుందో నాకు తెలీదు. ఆయన అన్నిట్లోకీ లావు పుస్తకం చూపించి అది ఇయ్యి అన్నాడు. హంసకేతు విజయం, మొదటి భాగం. ఇటుకరాయి అంత ఉంటుంది, పసిపిల్లను ఎత్తుకున్నట్టు ఎత్తుకోవాల. పాతకాలం కావ్యమంట, దాన్ని చదవనోడు తెలుగోడే కాదంట. గుణశేఖరం తీసుకున్నాడని నగలంగడి వాళ్ళావిడ, ఆమె తీసుకొనిందని తాలూకాఫీసు గుమాస్తా, ఇట్ల అందరికీ అదే కావాల. వారానికి తిరిగొచ్చేది. ఇచ్చేటప్పుడు అందరిదీ ఒకే మాట, కండ్లు మూసుకొని, 'ఏమి కవిత్వమప్పా.' ఇంకొకటి ఇమ్మంటారా అంటే, 'చూస్తాంలే, అంగట్లో పని జాస్తిగా ఉండాది.' ఇంగ ఆ పక్కకే రారు. మీ తాతకు లెక్క కుదరలేదు. అంత బాగుంటే మళ్ళీ ఎందుకు రారు?

ఒక మధ్యాన్నం మా తిన్నె మీద కూర్చొని పుస్తకం విప్పినాడు. లోపల గుణశేఖరం పెట్టుకొన్న బస్సు టికెట్టు. దానికి రెండు కాగితాల అవతల నగలంగడామె పెట్టిన మల్లెపూల కాడ. ఇంకొంచెం అవతల గుమాస్తా అగ్గిపుల్ల. అందరూ ఒకే చోట ఆగిపోయినారు, వేలూరు రైలుబండ్లన్నీ కాట్పాడిలో ఆగినట్టు. దాని తరువాత కాగితాలు అచ్చాఫీసు నుంచి వచ్చినవి వచ్చినట్టే, అంచులు కోయకుండా అతుక్కొనే ఉండాయి. అంటే చూసుకో, అమ్మిన అయ్యవారు కూడా ఆ పక్కకు పోయింది లేదు. వీడు నేరుగా జవుళి అంగడికి పోయి, అన్నా, కడాకు హంసకేతుకు ఏమైంది అన్నాడంట. గుణశేఖరం ఏమన్నాడో తెలుసా, 'ఏమయ్యేదేందప్పా, విజయం. పేరులోనే ఉండాది కదా.' ఆ మాట మాకు చెప్పి చెప్పి నవ్వినాడు, తరువాత తానే చదవను కూర్చున్నాడు. వానికీ ఆడనే నిద్ర వచ్చింది. ఏముండాది ఆడ అంటావా? పట్నం. కథ ఇట్ల మొదలవుతుందో లేదో రాజుగారి పట్నం వచ్చేస్తుంది. దాని కోట, దాని అగడ్త, దాని మేడలు, దాని గుర్రాలు, దాని పూలమ్మే ఆడోళ్ళు, పద్యం తరువాత పద్యం, ఒక మనిషి కదలడు, ఒక మాట మాట్లాడడు. మీరిప్పుడు బోరు అంటారే, అది. నువ్వు మొన్న ఒక పుస్తకం సగంలో మూసి పెట్టినావు చూడు, అట్లాంటిదే.

వీడు ఊరుకుంటాడా. మా అత్త దగ్గర కూరలు కోసే కత్తి ఇప్పించుకొని, అంచులన్నీ సర్రున కోసి, పట్నాన్ని దాటి అవతలికి దూకినాడు. ఆడ ఉండాది కథ. కనకరేఖ అని ఆ హంసకేతు పెండ్లాం. సవతి చేసిన కుట్రతో అడవి పాలయి, మగవేషం వేసుకొని, మొగుని గుర్రాల లాయంలోనే పనికి చేరుతుంది. మొగునికే తెలీదు అది తన పెండ్లామని. రోజూ ఆయన గుర్రానికి గడ్డి పెడతా, ఆయన ముందర తల వంచుకొని నిలబడతాది. ఇది నాకు చెప్పేటప్పుడు నేను పొయ్యి మీద పాలు మరిచిపోయినాను. అప్పుడు వానికి తోచింది. తెల్లవారితే మన వీధంతా పడుగు దారాలు చాచి, కర్రలకు బిగించి, గంజి పట్టిస్తారు. ఇద్దరు ఆ పక్క ఇద్దరు ఈ పక్క పెద్ద కుంచెలు పట్టుకొని ఈ కొస నుంచి ఆ కొసకు, ఆ కొస నుంచి ఈ కొసకు, ఆరిందాకా నడవాల. తక్కినోళ్ళు తెగిన దారాలకు ముడి వేసుకుంటా వెనకనే. చేతులకు పని ఉండాది, కాళ్ళకు పని ఉండాది, చెవులకేమి పని? మరుసటి రోజే పుస్తకం ఎత్తుకొని వచ్చి, కుంచెలోళ్ళ ముందర వెనక్కి నడుచుకుంటా చదవడం మొదలుపెట్టినాడు. ఒకసారి గంజి కుండలో కాలు పెట్టి మోకాలి దాకా తెల్లగా అయిపోయినాడు, అయినా నిలపలేదు. పద్యం చదివేది, మన మాటల్లో చెప్పేది. కథ గుర్రం మాదిరి పరుగెత్తింది. పట్నం ఊసే ఎత్తలేదు కదా, ఇంగేమి.

మూడో పొద్దో నాలుగో పొద్దో, చెంగల్రాయలు మామ కుంచె దించేసినాడు. వీధికంతా ఆయన మేస్త్రి, ఆయన నిలిస్తే అందరూ నిలవాల్సిందే. 'ఆగు నాయనా. మొదటి రోజు ఒకేసారి ఎన్ని కాగితాలు తిప్పినావు?' వీడు, ఒకటే మామా అన్నాడు. 'నాకు తెలుగు అచ్చరం రాదు. వేళ్ళు కనబడతాయి. తిప్పితివి చూడు, కైలీ మడత అంత మందం. అప్పుడే అడుగుదామనుకొంటిని, పిల్లోడు తానే చెప్తాడులే అని గమ్మునుంటిని.' చూస్తివా, చదవను రానోళ్ళకు ఏం తెలుస్తుందిలే అనుకున్నాడు వీడు. చదవను రానోళ్ళు చూసేది కాగితాన్నే అని వీనికి తట్టలేదు. మా అత్త రాజాంబాళ్ అందుకొనింది, ఆమె నోరు నీకు తెలీదు, కాళియమ్మ గుడి కాడ మాట్లాడితే స్టేషన్లో వినబడేది. 'ఏమిరా, మూర తగ్గించి కైలీ అమ్మితే మీ నాయన్ని ఊరుకుంటారా సంతలో? బజారోళ్ళకు నిండు కొలత, మాకు మాత్రం అడ్డకొలతా?' వీడు మొత్తుకున్నాడు, పెద్దమ్మా, దాంట్లో ఏమీ లేదు, వట్టి పట్నం, సప్పగా ఉంటుంది, మీరు నిద్రపోతారు అని. 'నిద్రపోతే మేము పోతాము. నువ్వెవురు మా నిద్ర తగ్గించను?' అనింది. చెంగల్రాయలు మామ తీర్పు చెప్పేసినాడు, మొదటి నుంచి చదవాల, ఒక కాగితం విడవకూడదు, లేదంటే ఈ వీధిలో ఇంగ పుస్తకం విప్పేది లేదు. వీడు చూడు, వేళ్ళు మడిచి లెక్క వేసుకుంటా ఉండాడు. పూజకు మిగిలింది కొన్ని పొద్దులే. వాన వస్తే అదీ లేదు, పడుగు చుట్టుకొని పరుగెత్తాల్సిందే. పట్నం మొత్తం చదివితే ఎవురు మిగులుతారు? ఎవురూ మిగలకపోతే గుంత.

చదివినాడు, ఏం చేస్తాడు. మొదటి రోజు, అబ్బా, తలుచుకుంటే ఇప్పటికీ ఆవులింత వస్తుంది. కుంచెలు మెల్లగా అయిపోయినాయి, గంజి ముద్దకట్టేసింది, దారాలు ఒకటికొకటి అతుక్కొనిపోయినాయి. అది ఎవురి పడుగు అంటావా, చౌడప్పదే. ఆయన అరిచిన అరుపుకు కాకులు లేచిపోయినాయి. 'పుస్తకం తినేది చాలక నా పడుగును కూడా తినేసినావు కదరా.' రెండో రోజు మా అత్త నిద్ర పట్టకుండా ఉండాలని మాట కలిపింది. ఆ పట్నంలో బీదోడు లేడు, దొంగ లేడు, రోగం లేదు అని వీడు చదివితే, 'అట్లయితే పోలీసోడు ఏం తింటాడు, వైద్యుడు ఏం తింటాడు' అనింది. మేడలు చంద్రునికి తగిలేంత ఎత్తు అంటే, 'నీళ్ళు మోసేది ఎవురు, ఆ రాజు మోస్తాడా?' అగడ్తలో మొసళ్ళు అంటే ఇంకొకరు, వేలూరు కోట అగడ్తకన్నా పెద్దదా అని. వీడు చదివేది, వీళ్ళు ఎగతాళి చేసేది, వీడు దానికి జవాబు చెప్పేది, నవ్వలేక కుంచెలు పట్టుకొని వంగిపొయ్యేది. పక్క వీధి ఆడోళ్ళు రాట్నాలు ఎత్తుకొని మా వీధిలోకే వచ్చేసిరి. ఆమీదట పట్నం బజారు వచ్చింది. నగలోళ్ళు ఉండారు, పూలోళ్ళు ఉండారు, గందం అంగళ్ళు ఉండాయి, ఏనుగులకు కూడా పద్యాలు ఉండాయి. చెంగల్రాయలు మామ ఉన్నట్టుండి అడిగినాడు, 'నేసేవాడు యాడ?' వీడు వెనకా ముందరా తిప్పి చూసినాడు, లేడు మామా అన్నాడు. 'అంత పెద్ద ఊళ్ళో మగ్గం లేదా? మరి అందరూ ఏం కట్టుకొన్నారు?' అంతే, ఇంగ ఒకరికీ నిద్ర లేదు. చదువు, చదువు, ముందరికి పో, యాడో ఉంటాడు. ఏ పద్యం వచ్చినా చెవులు నిక్కించుకొని వినడమే, వీడు ఒక కాగితం మెల్లగా తిప్పితే గొడవ. బజారోళ్ళు పడుకొనిపోయిన చోటంతా మావోళ్ళు దీపం పెట్టుకొని వెతికినట్టు వెతికినారు. పట్నం అయిపోయింది, నేసేవాడు రాలేదు. అందరికీ మొహాలు చిన్నబోయినాయి. మామ కొంచెంసేపు ఆలోచించి, 'మేడ మేడకూ జెండా అని చదివితివి కదా. అంత గుడ్డ ఆకాశంలో పూసిందా? ఉండాడులే ఆ ఊళ్ళో. రాసినాయప్ప ఆ వీధికి పోలేదు, అంతే' అన్నాడు. అందరికీ ఊపిరి వచ్చింది. ఇంగ కథ పట్టు అన్నారు.

ఇప్పుడు కథ వేరే మాదిరి ఉండాదమ్మా. ముందర చెప్పిన కథే, అయినా ఆ పట్నం మాకు తెలిసిపోయింది కదా, కనకరేఖ ఏ వీధిలో గడ్డి మోస్తా ఉండాదో, ఏ మేడ కింద నిలబడి మొగుని కిటికీ చూస్తా ఉండాదో కండ్ల ముందర కనబడేది. సరస్వతి పూజకు ముందు రోజు సరిగ్గా ఎట్ల కుదిరిందంటే, పట్టపు గుర్రం తప్పిపోతుంది. లాయం కాపరి తల తీయాలని రాజు కత్తి ఎత్తుతాడు. ఆ కాపరి ఎవురు, కనకరేఖ. కత్తి ఎత్తినాడు, అంతే, చౌడప్ప కేక వేసినాడు, పొద్దుపోయింది, పుస్తకాలు పూజలో పెట్టాల అని. పూజ నాడు మగ్గం నాడె పట్టకూడదు, పుస్తకం విప్పకూడదు, నీకు తెలుసు కదా. పీట మీద నాడె, కుంచె, నూలు కండెలు, వాటి నడుమ హంసకేతు విజయం గందం పూసుకొని, పూలు పెట్టుకొని కూర్చొనింది. మేమందరం ఎదురుగా. మగ్గాలు నిలిచిపోయినాయి, పని లేదు, చెయ్యి ఎత్తిన రాజు చెయ్యి దించడు. నేను ప్రసాదం శెనగల సుండల్ చేతిలోనే పెట్టుకొని పుస్తకాన్నే చూస్తా ఉంటిని. మా అత్త, 'ఒక్క కాగితం. సరస్వతమ్మకు మాత్రం తెలుసుకోవాలని ఉండదా' అనింది. చౌడప్ప, తప్పు, తప్పు అని చెంపలు వేసుకున్నాడు. ఆ సమయానికి కొత్త పంచె కట్టుకొని గుణశేఖరం వచ్చినాడు, వీధి వీధికీ పూజలకు పోయి తాంబూలం తీసుకొని నాలుగు మాటలు చెప్పి పొయ్యేది ఆయన వాడుక. వీధంతా చుట్టుకొనేసింది. అయ్యా, మీరు ముగించినారు కదా, మాకు విప్పే దారి లేదు, ఒక్క మాట చెప్పండి, కనకరేఖ బతుకుతుందా? ఆయన వక్క నమలతా, 'ఎవురు కనకరేఖ?' అన్నాడు.

ఎవురూ నవ్వలేదు. మా అత్త మాత్రం కొంచెం మజ్జిగ ఇచ్చి, 'మీరు పట్నంలోనే ఉండిపోయినట్టుంది, పోనీలెండి, నీళ్ళు బాగుంటాయి ఆడ' అనింది. ఆయన మజ్జిగ తాగకుండానే పోయినాడు.

విజయదశమి నాడు కోడి కూయకముందే వీధి నిండిపోయింది. కర్పూరం వెలిగించి పుస్తకం ఎత్తి మీ తాత చేతిలో పెట్టినారు. ఆ పక్క చౌడప్ప, అన్నట్టే, మూడో మగ్గానికి కొత్త పడుగు సిద్ధంగా చుట్టి తిన్నె మీద పెట్టుకొని కూర్చున్నాడు, మాకు వీపు చూపించి. ఇన్ని రోజులూ అట్లనే, నేను వినేది లేదు అన్నట్టు. వీడు చదివినాడు. కత్తి దిగింది. దిగతా దిగతా తలపాగాకు తగిలింది, పాగా విడిపోయింది, జుట్టు జారింది, రాజు చూసినాడు. చూసి ఏం చేసినాడు? ఆడ అయిపోయింది. మొదటి భాగం సమాప్తం. కింద పూలబొమ్మ. వీడు తిప్పినాడు, అట్ట. పెట్టెలు రెండూ బోర్లించినాడు, రెండో భాగం లేదు. అప్పుడు చూడాల మా వీధి. ఒకరు అడగడమేంది, అందరూ అడిగినోళ్ళే. తెచ్చియ్యి, తెచ్చియ్యి, యాడుంది, ఎవురి దగ్గర ఉండాది. వాళ్ళ నాయన పక్క చూసినాడు వీడు, భయం భయంగానే. చౌడప్ప లేచినాడు. పడుగు భుజాన వేసుకున్నాడు. 'దీన్ని నేను ఎక్కించుకుంటాలే. నువ్వు ఆ అయ్యవారు యాడుండాడో చూడు. పెండ్లాన్ని చూసి నోరు తెరుచుకొని నిలబడిపోయినాడా, దగ్గరికి తీసుకున్నాడా ఆ ముండాకొడుకు, అది తెలుసుకోకుండా ఇంట్లోకి రాబాకు' అన్నాడు.

ఇంగ సైకిలు బయటికి వచ్చింది. అయ్యవారు చిత్తూరులో, చిత్తూరు ఇప్పుడు వేరే రాష్ట్రం. పోవాలంటే చీటీ ఏమన్నా కావాలా, సరిహద్దులో పరదరామి దాటినాక నిలబెట్టి అడుగుతారా, ఎవురికీ తెలీదు. పుస్తకం తెస్తే సుంకం పడుతుందేమో అన్నారు ఒకరు. మా అత్త పెరుగన్నం మూట కట్టి హ్యాండిలుకు తగిలించింది, ఎవురన్నా అడిగితే మా చుట్టాల ఇంటికి అని చెప్పు, అనింది. చెంగల్రాయలు మామ వెనక చక్రం నొక్కి చూసి గాలి కొట్టినాడు. మీ తాత ఒక కాలు పెడలు మీద పెట్టినాడు, ఒక కాలు ఇంకా నేల మీదనే. మా అందరి మొహాలూ ఒకసారి చూసి, 'రెండు తెస్తే పక్క వీధికి ఒకటి ఇయ్యచ్చు కదా వదినా' అన్నాడు నాతో. అప్పుడు వానికి పంతొమ్మిదేండ్లో ఇరవయ్యో. చొక్కా కూడా ఇస్త్రీ లేదు...

...

ఏమీ లేదమ్మా. కంట్లో దుమ్ము. ఆ తలుపు దగ్గరికి వేసి రా, ఎండ లోపలికి కొడతా ఉండాది.